కారని స్లాబు: క్వార్టర్స్ వెయిటింగ్ లిస్టు మీద ఒక కేస్ స్టడీ

"సార్, నా నంబరు నాలుగు. మూడేళ్ల నుంచి నాలుగే."

2019 మే నెలలో ఒక మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి, నా టేబుల్ ముందు కూర్చుని, క్వార్టర్స్ వెయిటింగ్ లిస్టులో తన నంబరు గురించి ఒక స్టాఫ్ నర్సు అన్న మొదటి మాట ఇది. అప్పట్లో నేను ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ విజిలెన్స్ విభాగంలో ఉన్నాను. సంస్థ పేరూ ఊరి పేరూ చెప్పను. తెలుగు నేల మీదే, అంతవరకు చాలు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కూడా తీసేశాను.

టౌన్‌షిప్పుల్లో బతికినవాళ్లకి క్వార్టర్స్ విలువ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. క్వార్టర్ అంటే సంస్థ తన ఉద్యోగులకి ఇచ్చే ఇల్లు. క్వార్టర్ తీసుకుంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) పోతుంది, పైగా జీతంలోంచి లైసెన్స్ ఫీజు పేరుతో కొంత అద్దె కోస్తారు. అయినా జనం ఎగబడతారు. బయట ఊళ్లో రెండు గదుల వాటాకి అద్దె, అడ్వాన్సు, బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు, మనింటికి చుట్టాలొస్తే ఓనరుగారి మూతి విరుపు. లోపలైతే ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు, గేటు దగ్గరే స్కూలు బస్సు, నడిచెళ్లేంత దూరంలో ఆసుపత్రి. నర్సులకి ఇంకోటుంది. రాత్రి పదింటికి డ్యూటీ దిగాక ఆటో కోసం రోడ్డు మీద నిలబడక్కర్లేదు.

మా దగ్గర బి-టైప్ అంటే హాలు, రెండు గదులు, వంటిల్లు. గ్రౌండ్ ఫ్లోర్, పైన రెండు అంతస్తులు, లిఫ్టు లేదు. కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ అంటే బంగారం. ముసలివాళ్లకి మెట్లుండవు, స్కూటర్ నీడలో ఉంటుంది, వెనకాల నాలుగడుగుల జాగాలో కరివేపాకు చెట్టు వేసుకోవచ్చు. ఈ నర్సు అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆయాసం. ఆమెకి కావలసింది గ్రౌండ్ ఫ్లోరే.

ఆమె రావడానికి రెండు నెలల ముందు ఇదే సంగతి మీద ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. 'బి-టైప్ ఇళ్లు అమ్ముడవుతున్నాయి, జిరాక్స్ షాపులో అడగండి' అని రెండు లైన్లు. పేరు, ఊరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 1999 జూన్‌లోనే చెప్పింది. ఆ నియమం మంచిదే. అది లేకపోతే ప్రమోషన్ల సీజన్‌లో మా ఆఫీసు ఉత్తరాలతో మునిగిపోయేది. నేను దాన్ని ఫైల్లో పెట్టేశాను. నర్సు మాత్రం సంతకం పెట్టి రాసిచ్చింది.

లిస్టు కడిగిన ముత్యం

ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. ఇళ్లు ఏ వరసలో ఇవ్వాలో చెప్పే సీనియారిటీ లిస్టు తెప్పించాను. చేరిన తేదీ, గ్రేడు వచ్చిన తేదీ, దరఖాస్తు తేదీ, ఒక్కొక్కటీ సర్వీసు రికార్డుతో రెండు రోజులు కూర్చుని పోల్చాను. ఒక్క పేరు కూడా అటూ ఇటూ జరగలేదు. నర్సు తమ్ముడు అంతకుముందే పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి సమాచార హక్కు కింద ఇదే లిస్టు అడిగాడు. క్వార్టర్లు కేటాయించే ఎస్టేట్ ఆఫీసు వాళ్లు వారంలో ఇచ్చేశారు. ఆర్టీఐకి వారంలో జవాబిచ్చే ఆఫీసుని చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

'అక్రమాలేవీ కనబడలేదు' అని డ్రాఫ్టు కూడా రాసేశాను. పంపే ముందు మర్యాద కోసం ఆమెకి ఫోన్ చేశాను.

"లిస్టులో తప్పేం లేదమ్మా. మీ ముందున్న ముగ్గురూ నిజంగానే మీకన్నా సీనియర్లు."

"వాళ్ల సంగతి నేననలేదు సార్. మా వార్డు బాయ్ వాళ్ల బావగారు పందొమ్మిదో నంబరు. పోయిన నెల గ్రౌండ్ ఫ్లోర్‌లో పాలు పొంగించాడు."

"మీకు ఆఫర్ రాలేదా?"

"వచ్చింది సార్. నేనే వద్దన్నాను. బాత్రూమ్ స్లాబు కారుతోందన్నారు. మా అత్తగారికి ఆయాసం కదా, చెమ్మ ఇంట్లో ఎలా పెట్టను?"

"మీరు వెళ్లి చూశారా?"

"తాళం కాంట్రాక్టర్ దగ్గరుందన్నారు."

డ్రాఫ్టు చించేశాను.

కారే ఇంటి లెక్క

ఫైలు మళ్లీ తిరగేస్తే అర్థమైంది. 26 నెలల్లో బి-టైప్‌లో 31 ఇళ్లు ఖాళీ అయ్యాయి. వాటిలో 6 ఇళ్ల దగ్గర ఖాళీల రిజిస్టర్లో 'సీపేజ్, మేజర్ రిపేర్' అని, అంటే నీరు కారుతోంది, పెద్ద రిపేరు కావాలి అని, ఒక ముక్క ఉంది. మిగతా 25 ఇళ్లు లిస్టు ప్రకారం వెళ్లాయి. ఈ 6 మాత్రం 15వ నంబరుకి కింద ఉన్నవాళ్లకి వెళ్లాయి. అదీ లిస్టు ప్రకారమే! ముందున్నవాళ్లే స్వయంగా సంతకాలు పెట్టి వద్దన్నారు. కొందరు ముఖాన కొట్టినట్టు రాశారు: 'కారే ఇల్లు మాకెందుకు?'

ఒకరిద్దరు, కారితే కారింది, గ్రౌండ్ ఫ్లోర్ కదా, సర్దుకుంటామనేవాళ్లు. వాళ్ల కోసం రెండో పాచిక ఉంది. మా నిబంధన ప్రకారం అలాట్‌మెంట్ ఆర్డరు తీసుకున్న ఎనిమిదో రోజు నుంచి హెచ్‌ఆర్‌ఏ ఆగిపోతుంది, ఇంట్లో దిగినా దిగకపోయినా. "తీసుకోండి సార్, మీ ఇష్టం. రిపేరుకి ఆర్నెల్లు పట్టొచ్చు. అప్పటిదాకా హెచ్‌ఆర్‌ఏ కట్, బయట అద్దె మామూలే" అని ఎస్టేట్ ఆఫీసులో ఈ ఫైళ్లు చూసే డీలింగ్ అసిస్టెంటు ఎంతో శ్రేయోభిలాషిలా చెప్పేవాడట. ఆర్నెల్ల హెచ్‌ఆర్‌ఏ పోగొట్టుకునే ధైర్యం బి-టైప్ జీతగాడికి ఎక్కడిది?

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఆఫర్ వద్దంటే ఏడాది డిబార్. లిస్టులో పేరూ నంబరూ అలాగే ఉంటాయి, ఆఫర్ మాత్రం రాదు. అంటే ఒక కారే ఇల్లు చూపిస్తే పై నంబర్లన్నీ ఏడాది పాటు పక్కకి పోతాయి. ఆ ఏడాదిలో వచ్చే మంచి ఇళ్లు వెనకవాళ్లకి న్యాయంగానే వెళ్తాయి. వాళ్లు డబ్బివ్వలేదు, వాళ్లకేం తెలియదు. ఏడాది గడిచి పైవాళ్లకి డిబార్ తీరగానే వాళ్ల ముందుకొచ్చే మొదటి ఇల్లు మళ్లీ కారేదే. నర్సు 2017లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి వద్దని రాసింది. ప్రతి జనవరిలో నోటీసు బోర్డు మీద లిస్టు పడుతుంది, ఆమె వెళ్లి చూసుకుంటుంది, నాలుగు.

ఈ చోట నాకు కొంచెం మెచ్చుకోలు కూడా కలిగిందని ఒప్పుకోవాలి. క్వార్టర్ల కుంభకోణం అంటే మా తరం విజిలెన్స్ వాళ్లకి గుర్తొచ్చేది 1990లలో ఢిల్లీలో జరిగింది. కేంద్ర ప్రభుత్వ క్వార్టర్లని ఔట్ ఆఫ్ టర్న్ పేరుతో, క్యూలో ఉన్నవాళ్లని దాటించి, వేల సంఖ్యలో పంచిపెట్టారు. శివ్ సాగర్ తివారీ కేసులో అది సుప్రీంకోర్టుకెక్కింది. టైపుకి ఏడాదిలో వచ్చే ఖాళీల్లో 5 శాతానికి మించి ఔట్ ఆఫ్ టర్న్ ఇవ్వకూడదనే కట్టడి అప్పటిదే. ఇప్పుడు ఢిల్లీలో ఆ లిస్టులన్నీ ఆన్‌లైన్. అక్కడ దొంగతనం పట్టపగలు జరిగింది: వెనకవాణ్ణి ముందుకి తెచ్చారు. అప్పట్నుంచి మాకు ట్రైనింగుల్లో నేర్పేది కూడా అదే. ఎవరు ముందుకి దూకారో చూడండి. మా డీలింగ్ అసిస్టెంటు ఎవర్నీ దూకించలేదు. ముందున్నవాళ్లే చెయ్యెత్తి దండం పెట్టి తప్పుకునేట్టు చేశాడు. లిస్టు జోలికి పోలేదు. అమ్మింది ఖాళీని.

బియ్యం బస్తా

ఇక రుజువు కావాలి. ఇక్కడ నేనొక తప్పు చేశాను. చిన్న ఉద్యోగుల కేసే కదా అనుకుని, తాళాల రిజిస్టరు పంపమని ఎస్టేట్ ఆఫీసుకి నోట్ పెట్టాను. నాలుగు రోజులు 'దొరకడం లేదు' అన్నారు. ఐదో రోజు వచ్చింది. కాంట్రాక్టరుకి తాళం ఇచ్చినట్టు రాసిన ఎంట్రీలు, వేర్వేరు నెలలవి, అన్నీ ఒకే సిరా, ఒకే వాలు. ఒక్కచోటా తీసుకున్నవాడి సంతకం లేదు. ఒకే పూట కూర్చుని రాసినవని చూస్తే తెలుస్తుంది, చూస్తే తెలియడం రుజువు కాదు. ముందే వెళ్లి ఫొటోకాపీ తీసుకుని ఉంటే కేసు సగం అక్కడే తేలేది. ఈ పనిలో ఉన్న కుర్రాళ్లెవరైనా చదువుతుంటే, ఉత్తరం తర్వాత రాయండి, ముందు కాపీ తీసుకోండి.

మెయింటెనెన్స్ సెక్షన్ కాగితాలు కొంత నయం. 6 ఇళ్లలో 5 ఇళ్లకి వాటర్‌ప్రూఫింగ్ వర్క్ ఆర్డరే లేదు. చేసిన పని లెక్క రాసే ఎం-బుక్‌లో కొలతల్లేవు. ఉన్నది వెల్ల, తలుపులకి రంగు. అంతకుముందు ఆ ఇళ్లలో ఉండి రిటైరైనవాళ్లు సీపేజ్ అని ఒక్క కంప్లయింటూ రాయలేదు. సీపేజ్ అని రాసిన జూనియర్ ఇంజినీరుని అడిగితే "కళ్లతో చూసి రాశాను సార్" అన్నాడు. మేజర్ రిపేర్ అని రాసి, రిపేరు చేయకుండానే ఇల్లు ఎలా బాగైందని అడిగితే, "ఎండాకాలంలో ఆరిపోయుంటుంది" అన్నాడు.

సరే, ఎండాకాలం పోనిద్దాం అనుకున్నాను. జూలైలో వానలు పడ్డాయి. మూడు రోజుల ముసురు తర్వాత ఒక సాయంత్రం, సివిల్ తెలిసిన మా సహోద్యోగిని వెంటబెట్టుకుని, పందొమ్మిదో నంబరాయన ఇంటికి వెళ్లాను.

ఆయన టెక్నీషియన్. మమ్మల్ని చూడగానే ముఖం పాలిపోయింది. ఆయన భార్యకి మేమెవరమో తెలియదు, టీ పెట్టింది. బాత్రూమ్ పైకప్పు చూశాం. కారిన స్లాబు దాచినా దాగదు. పచ్చటి వలయం లాంటి మరక, దాని అంచున తెల్లగా ఉప్పు పూత, అక్కడక్కడా పెచ్చులు. ఒక చేయి వెల్ల వేసినా మొదటి ముసురుకే మళ్లీ బయటపడుతుంది. ఇక్కడ ఏమీ లేదు. మా సహోద్యోగి పై ఇంటికి వెళ్లి, అక్కడి ఇల్లాలిని బతిమాలి, బాత్రూమ్‌లో వరసగా పది బకెట్లు పోయించాడు. కింద మేం తలలెత్తి నిలబడ్డాం. పావుగంట, అరగంట. చుక్క రాలలేదు.

వెళ్తూ వెళ్తూ పక్క గదిలోకి చూశాను. బాత్రూమ్ గోడకి ఆనించి పాతిక కిలోల బియ్యం బస్తా, దాని పక్కన కందిపప్పు డబ్బా. గోడ మీద అరచెయ్యి పెట్టాను. పొడిగా, కాస్త వెచ్చగా ఉంది.

"ఇక్కడ చెమ్మ రాదామ్మా?" అని అడిగాను.

"అబ్బే, లేదండీ. వచ్చిన దగ్గర్నుంచి బియ్యం ఇక్కడే. పురుగు కూడా పట్టలేదు" అంది ఆవిడ, ఇల్లు బాగుందని మెచ్చుకోడానికొచ్చామనుకుని.

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నా సర్వీసులో నేను తీసుకున్న సాక్ష్యాల్లో ఇంత సూటిది ఇంకోటి లేదు. దాన్ని రిపోర్టులో ఎలా రాయాలో మాత్రం తెలియలేదు. చివరికి 'గోడ పొడిగా ఉన్నట్టు, ఆహార ధాన్యాలు ఆనించి నిల్వ చేసినట్టు గమనించడమైనది' అని రాశాను.

మిగతా నాలుగు ఇళ్లూ ఇలాగే తేలాయి. ఆరోది నిజంగానే కారింది. పై అంతస్తు ఇల్లు, హాల్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టుకున్నారు. డబ్బిచ్చి మరీ తెచ్చుకున్న కారే ఇల్లు. ఆయన ఎవరితో చెప్పుకుంటాడు?

పెయింటింగ్ ఖర్చులు

డబ్బు ఎలా చేతులు మారిందన్నది అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. గేటు బయట జిరాక్స్ షాపు. క్వార్టర్స్ ఫారాలు అమ్మేదీ అక్కడే, బేరం కుదిరేదీ అక్కడే. దాన్ని లంచం అనరు, 'పెయింటింగ్ ఖర్చులు' అంటారు. గ్రౌండ్ ఫ్లోర్‌కి ఒక రేటు, పై అంతస్తుకి ఇంకో రేటు. నాతో ఈ మాట అన్నవాళ్లలో ఒక్కరూ కాగితం మీద పెట్టడానికి ఒప్పుకోలేదు.

సినిమాల్లో చూపించినట్టు వల పన్నొచ్చు కదా అంటారు. నోట్లకి ఫినాల్ఫ్తలిన్ పొడి రాసి, తీసుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. దానికి ముందు, నన్ను డబ్బడిగాడు అని ఫిర్యాదిచ్చే మనిషి కావాలి. నర్సుని ఎవరూ డబ్బడగలేదు. ఆమెకి అబద్ధం చెప్పారు, అంతే. డబ్బిచ్చినవాళ్లకి ఇల్లొచ్చింది, వాళ్లెందుకు ఫిర్యాదిస్తారు? పైగా 2018 జూలై నుంచి అవినీతి నిరోధక చట్టంలో లంచమిచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చానంటే ఏడు రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పి ఉండాలి. ఆ సవరణ ఎందుకు చేశారో నాకు తెలుసు, పెద్ద కంపెనీల విషయంలో అది సబబే. ఇలాంటి చిన్న కేసుల్లో మాత్రం అది ఆరుగురి నోళ్లకీ తాళం వేసింది. ఏడు రోజులు ఎప్పుడో దాటిపోయాయి.

డిమాండ్ రుజువు కాకపోతే లంచం కేసు నిలవదు. 2014లో, 2015లో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పిన రెండు తీర్పులూ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అప్పీళ్ల మీదే వచ్చాయి. 2022 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా ఇతర సాక్ష్యాలతో డిమాండ్ నిరూపించవచ్చంది. మాకు అసలు ఫిర్యాదుదారే లేడు. కాబట్టి క్రిమినల్ దారి వదిలేసి డిపార్ట్‌మెంటల్ దారి పట్టాం. అక్కడ అనుమానాతీతంగా నిరూపించక్కర్లేదు, ఇలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అని తేలితే చాలు.

కరోనా మధ్యలో పడి ఎంక్వైరీ పద్నాలుగు నెలలు సాగింది. డీలింగ్ అసిస్టెంటుకి జీతం రెండు మెట్లు తగ్గించి స్టోర్స్‌కి పంపారు. ఆయన లంచం తీసుకున్నాడని ఆర్డర్లో ఎక్కడా లేదు. ఖాళీల స్థితిని తప్పుగా తెలిపాడని, తాళాల రిజిస్టరు సరిగా రాయలేదని ఉంది. జూనియర్ ఇంజినీరుకి సెన్షూర్, అంటే రాతపూర్వక మందలింపు. ఆరుగురూ అవే ఇళ్లలో ఉన్నారు. అలాట్‌మెంట్ ఆర్డర్లు పైకి సక్రమమే కాబట్టి రద్దు చేస్తే కోర్టులో నిలవదని లా సెక్షన్ రాసింది. నేను ఒప్పుకోలేదు. అబద్ధం మీద పుట్టిన 'వద్దు'లు చెల్లకపోతే, వాటి మీద నిలబడ్డ ఆర్డరు ఎలా చెల్లుతుంది? ఆ మాట ఫైల్లో రాశాను. 'చూశాను' అని పైవాళ్లు సంతకం పెట్టారు.

జిరాక్స్ షాపు మీద మాకు అధికారం లేదు. ఇప్పుడు అక్కడ కలర్ ప్రింట్లు కూడా తీస్తున్నారు.

తర్వాత

నిబంధనలు మాత్రం మార్పించగలిగాం. ఖాళీ అయిన ప్రతి ఇల్లూ రెండు సాయంత్రాలు, నాలుగు నుంచి ఆరు దాకా తెరిచి ఉంచాలి. తాళం సెక్యూరిటీ దగ్గరే ఉండాలి. లిస్టులో ఉన్నవాళ్లెవరైనా వెళ్లి చూసుకోవచ్చు. రిపేరు కారణంగా వద్దంటే డిబార్ లేదు. హెచ్‌ఆర్‌ఏ ఇంటి తాళం చేతికిచ్చిన రోజు నుంచే ఆగుతుంది. ఈ చివరిదానికి ఫైనాన్స్ వాళ్లు తొమ్మిది నెలలు తిప్పారు, అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసింది కూడా అదే. ఆడిట్ వాళ్లకి నేనిచ్చిన చీటీలో సీనియారిటీ లిస్టు ఊసే లేదు. ఖాళీల రిజిస్టరు, తాళాల రిజిస్టరు, ఆ ఇంటి కరెంటు మీటరు రీడింగు, వర్క్ ఆర్డరు, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. ఆర్టీఐ వేసేవాళ్లూ అడగాల్సింది ఇవే.

నర్సుకి వేసిన మూడు డిబార్లూ తప్పని రాసి, ఆమెని మళ్లీ ఆఫర్లు వచ్చే లైవ్ లిస్టులోకి తెచ్చారు. ఈసారి పైవాళ్లు ముగ్గురూ చకచకా ఇళ్లు తీసుకున్నారు. ఆమె ఒకటో నంబరుకొచ్చింది. ఒక గ్రౌండ్ ఫ్లోర్ ఖాళీ కూడా పడింది. ఆ వారంలోనే మా ఆఫీసుకి వచ్చింది. కంగారుగా ఉందేమో అనుకున్నాను, నవ్వుతోంది.

"ఫోన్ వచ్చింది సార్. ఎవరో చెప్పలేదు. ఈసారికి మీరు వద్దని రాసివ్వండి మేడమ్, మీ కష్టం ఉంచుకోం అన్నారు."

ఆఫీసులో ఆట కట్టయితే బేరం క్యూలోకి దిగిందన్నమాట. రిపేరు సాకు రాస్తే డిబార్ లేదు కాబట్టి వద్దనడానికి ఇప్పుడు నష్టం కూడా లేదు. ఇంత తొందరగా వస్తుందని మాత్రం నేననుకోలేదు.

"మీరేమన్నారు?"

"ఎందుకండీ, స్లాబు కారుతోందా అని అడిగాను సార్. పెట్టేశారు."